పన్నెండు గంటల పట్టు

ఆ శుక్రవారం మూడున్నరకల్లా చేతిలో పని ముగించేయాలని కిరణ్మయి పొద్దున కంపెనీ బస్సెక్కేటప్పుడే అనుకుంది. సాయంత్రం ఆమె, భర్త లలిత్ కలిసి అద్దం కొనబోతున్నారు. సింగసంద్రలో మేడమీది రెండు గదుల్లో కాపురం పెట్టి యాభై రోజులైంది. గ్యాసు వచ్చింది, ప్రెషర్ కుక్కర్ వచ్చింది, బాల్కనీలో తులసి మొక్క కూడా వచ్చింది కానీ అద్దం మాత్రం రాలేదు. లలిత్ స్కూటర్ అద్దం విప్పి తెచ్చి కిటికీలో పెట్టుకుని గడ్డం గీసుకుంటాడు. ఆమె స్టీలు డబ్బా మూతలో చూసుకుని బొట్టు పెట్టుకుంటుంది. మూతలో ముక్కు వెడల్పుగా కనిపిస్తుంది. "నేన్నిజంగా ఇలాగే ఉంటానా?" అని అడిగితే "ఇంకా కొంచెం వెడల్పు" అంటాడు లలిత్. ఆ మాట గుర్తొచ్చి బస్సులో తనలో తనే నవ్వుకుంది. కిటికీలోంచి దుకాణాల మీది కన్నడ బోర్డులు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. తలకట్టు కాస్త మారిన తెలుగు అక్షరాలే. బొమ్మసంద్ర వచ్చేలోపు పదిహేను బోర్డులు చదివేయగలదు ఇప్పుడు.

కంపెనీ చిన్నది. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అతుక్కుని నిలవడానికి రాసుకునే పేస్టు తయారుచేస్తారు. కొత్త రకం పేస్టు ఒకసారి రాస్తే ఎన్ని గంటలు పట్టి ఉంచుతుందో చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళలోంచి ఇరవై నలుగురు పెద్దవాళ్ళను పిలిచారు. మూడు వారాల పరీక్ష. పాత క్యాంటీను గదిలో బల్లలు వేసి, కిరణ్మయికి ఒక రిజిస్టరు ఇచ్చి కూర్చోబెట్టారు. పొద్దున ఏడింటికి వాళ్ళు వస్తారు. పైపళ్ళ సెట్టు తీసి కడిగి తుడిచి, ఆమె చెప్పినట్టు మూడు చోట్ల శెనగగింజంత పేస్టు పెట్టుకుని, నోట్లో నొక్కిపెట్టి, ఆమె ఇరవై లెక్కపెట్టేదాకా మౌనంగా కూర్చుంటారు. తర్వాత ఇళ్ళకు పోతారు. మూడింటికి మళ్ళీ వస్తారు. అప్పుడు ముందుపళ్ళకు చిన్న కొక్కెం తగిలించి, స్ప్రింగు కాటాతో లాగి, ముల్లు ఎక్కడికి వచ్చిందో ఆమె రాసుకుంటుంది. మధ్యలో ఎప్పుడైనా సెట్టు సడలితే ఆ వేళ వాళ్ళే తమ కాగితంలో రాసి తేవాలి. సడలకపోతే సాయంత్రం ఏడింటికి తీసేస్తారు. అంటే పన్నెండు గంటలు.

ఇరవై ముగ్గురికి పన్నెండు గంటలూ నిలుస్తోంది. కాటాతో ఎంత లాగినా సెట్టు కదలదు. ఒక్క చిక్కమునియప్పకు మాత్రం నాలుగు గంటలు దాటడం లేదు.

"నోరు తెరవండి తాతగారూ" అంది ఆ రోజు కూడా. కొక్కెం తగిలించీ తగిలించకముందే సెట్టు ఆమె చేతిలోకి జారింది.

చిక్కమునియప్ప అరచేత్తో నోరు మూసుకున్నాడు. పొడవైన మనిషి, ఖాకీరంగు చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంటుంది. "పదకొండుకే సడిలింది తల్లీ. రాసినాను సూడు" అన్నాడు చేతి వెనకనుంచి.

పక్క బెంచీమీది అంజినమ్మ మోకాలు చరిచి నవ్వింది. "ఏమప్పా, నీ నోట్లో ఏమన్నా రోలు పెట్టుకోనుండావా? మాకందరికీ నిలబడేది నీకొక్కనికి యాల నిలబడదు?"

"ఏమో అంజినమ్మా. నాకూ తెలీదు" అన్నాడాయన సెట్టు కడుక్కుంటూ.

ఆయనిచ్చిన కాగితంలో గంట చూసి రిజిస్టరులో నాలుగు అని వేసింది కిరణ్మయి. కాగితం చివరి గడిలో రోజూలాగే రెండు వరసలు కన్నడంలో ఏదో రాసి ఉంది. కన్నడం ఎలాగూ అర్థం కాదు. కాగితాన్ని దొంతరలో పెట్టేసింది.

మూడూ ఇరవైకి మేనేజరు వీరభద్రం వచ్చి రిజిస్టరు తిరగేశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒకే పేరు మీద వేలుపెట్టి ఆగాడు.

"ఈయనేంటమ్మా, పన్నెండు రోజులూ నాలుగే?"

"అవును సార్. రోజూ అంతే."

"పెట్టెమీద పన్నెండు గంటలు అని అచ్చుకిచ్చేశాం. అందరికీ పన్నెండు అంటే ఎంత బావుంటుంది. ఈయన్ని తీసేద్దాం. తీసేయాలంటే కారణం రాయాలి. ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నారు సార్."

"ఊళ్ళో లేకుండా పోయాడా?"

"రోజూ అందరికంటే ముందొస్తారు."

"మరి మిగిలింది మూడోది. సూచనలు పాటించలేదు. ఏమంటావ్? రోజూ చూసేది నువ్వే కదా."

గేటు బయట స్కూటర్ హారన్ రెండుసార్లు మోగింది. లలిత్ సగం రోజు సెలవు పెట్టి బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆఫీసు నుంచి వచ్చేశాడు. కిరణ్మయి గోడ గడియారం వంక చూసింది.

"ఆదివారాలు ఇంట్లోనే రాసుకుంటారు కదా సార్. పేస్టు తక్కువ పెడుతున్నారేమో" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"అదే రాయి మరి."

ఆమె ఆ పేరు మీద అడ్డగీత కొట్టి, పక్కన 'సూచనలు పాటించలేదు' అని రాసింది. కింద తన సంతకం, దానికింద వీరభద్రం సంతకం. రెండు నిమిషాల పని. చెప్పుల టకటకతో గేటు దాకా పరుగెత్తింది.

మడివాళలో నిలువెత్తు అద్దం కొన్నారు. ఆటోలో పట్టలేదు. స్కూటర్ వెనక కిరణ్మయి అద్దాన్ని ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. హోసూరు రోడ్డు మొత్తం అద్దంలో వెనక్కి పరుగెత్తుతూ వచ్చింది. లారీలు, మల్లెపూల బుట్టలు, ఎర్రటి ఆకాశం. వెనక బస్సులోవాళ్ళు తమ మొహాలు తాము చూసుకుని జుట్టు సర్దుకున్నారు. "లలిత్, ఊరంతా నా ఒళ్ళో ఉంది!" అని అరిచింది. "భద్రం, బ్రేక్ వేస్తే ఊరు పగిలిపోతుంది" అన్నాడు.

శనివారం ఏడింటికి పది నిమిషాల ముందే చిక్కమునియప్ప వచ్చాడు. కాపలావాడి దగ్గర పేర్ల కాగితంలో తన పేరు వెతుక్కుంటున్నాడు. కిరణ్మయి కిటికీలోంచి చూసి తల వంచుకుని రిజిస్టరులో గీతలు గీయడం మొదలుపెట్టింది. అవసరంలేని గీతలు. కాపలావాడు లోపలికి వేలు చూపించాడు. ఆయన చెప్పులు గడప బయట విడిచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"నా పేరు లేదంటాడు తల్లీ."

"మీరింక రానక్కర్లేదు తాతగారూ."

"తప్పేమన్నా అయిందా?"

"అబ్బే, అదేం లేదు. కొందరి నోటికి ఈ పేస్టు సరిపడదంతే."

ఆయన తలూపాడు. చొక్కా జేబులోంచి పేస్టు ట్యూబు తీసి బల్లమీద పెట్టాడు. వాడినమేరకు అడుగునుంచి చక్కగా చుట్టి ఉంది. మూత తుడిచి ఉంది. "నా వల్ల నీకు పైవాళ్ళ దగ్గర మాటేమన్నా వచ్చిందా? కొత్తగా పనిలో చేరినదానివి."

"లేదు లేదు" అంది గబగబా.

ఆయన చెప్పులు వేసుకుని, గేటు దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి దండం పెట్టి వెళ్ళాడు. ఆమె ట్యూబును సొరుగులోకి తోసేసింది.

"ఏమ్మా కొత్తపెండ్లికూతురా, ఆయప్పను యాల పంపిస్తివి?" అంది అంజినమ్మ నోట్లో సెట్టు నొక్కుకుంటూ. మిగిలినవాళ్ళంతా చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"చెప్పినట్టు చెయ్యాలి కదండీ అవ్వా" అంది కిరణ్మయి.

"ఓహో" అంది అంజినమ్మ. ఆ ఓహో గదంతా తిరిగింది. కిరణ్మయి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు పదిహేను తర్వాత పదిహేడుకు పోయింది.

ఆదివారం ఆనేకల్లులో లలిత్ దొడ్డప్ప ఇంట్లో భోజనం. దొడ్డప్ప శ్రీనివాసులు లలిత్ నాన్నకు అన్న. కొత్తకోడలిని గుమ్మంలోనే ఆపి దొడ్డమ్మ దిష్టి తీసింది. లోపల పొయ్యిమీద గిన్నెలో రాగిపిండి కుతకుతమంటోంది. దొడ్డమ్మ గిన్నెను దించి కాళ్ళమధ్య ఇరికించుకుని కట్టెతో తిప్పుతుంటే కిరణ్మయి ముచ్చటపడి చూసింది. తణుకులో పుట్టి పెరిగిన ఆమె సంగటి అన్నమాట వినడమే తప్ప తినలేదు. నీళ్ళు తడిపిన చెయ్యితో దొడ్డమ్మ వేడివేడి ముద్దలు చేసి పళ్ళేల్లో దొర్లించింది. గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ.

కిరణ్మయి చిన్న తునక తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకుని నమిలింది. అది పళ్ళకు, అంగిలికి, నాలుకకు అంటుకుని కూర్చుంది. ఆమె దవడలు ఆడిస్తూనే ఉంది. మొదట లలిత్ నవ్వాడు, తర్వాత దొడ్డమ్మ, ఆఖరికి దొడ్డప్ప కూడా.

"అయ్యయ్యో, సంగటిని నమల్తాంది సూడు పిల్ల!" అన్నాడు దొడ్డప్ప. "నమల్రాదమ్మా. తుంచి, పులుసులో అద్ది, అట్లే మింగాల. గుటుక్కున. నమిల్తే పండ్లకు అంటుకుంటుంది."

"నిజంగా అసలు నమలరా?"

"ఎవురు నమల్తారు? మా యమ్మకు పండ్లన్నీ ఊడిపోయినంక పదేండ్లు సంగటితోనే బతికింది. దానికి పండ్లతో పనేముండాది?"

"చూడు, ఇలా" అని లలిత్ ఒక తునక గుటుక్కున మింగి చూపించాడు. గొంతులో బుడిపె పైకీ కిందికీ కదిలింది. కిరణ్మయి కూడా ప్రయత్నించింది. వెచ్చగా జారిపోయింది. "పోయింది! పోయింది!" అని చప్పట్లు కొట్టింది. రెండోది మింగింది. మూడోది పులుసులో ముంచి పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైంది కిరణూ?"

"ఇక్కడ అందరూ ఇదే తింటారా? బొమ్మసంద్ర చుట్టుపక్కల ఊళ్ళలో?"

"రెండు పూటలా" అన్నాడు దొడ్డప్ప. "ముసలోళ్ళయితే మూడు పూటలా."

చెయ్యి అలాగే గాల్లో ఉంది. పులుసు మణికట్టుమీదుగా మోచేతిదాకా కారింది. మొదటిరోజు గోడమీద అంటించిన సూచనలను ఆమే పైకి చదివి వినిపించింది. నాలుగోది: ఆహారాన్ని బాగా నమిలి తినవలెను. ఆమె రిజిస్టరులో తిండి గడి ఒక్కటే ఉంది. భోజనం అయిందా? అయింది. ఏం తిన్నారు, ఎలా తిన్నారు అని ఒక్కరినీ అడగలేదు.

దొడ్డమ్మ ఇంకో ముద్ద వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

సోమవారం పొద్దున ఇరవై లెక్కపెట్టడం అయ్యాక ఆమె పెన్ను బల్లమీద పెట్టింది. "ఒకమాట అడుగుతాను. ఈ రెండు వారాల్లో మీలో ఎవరెవరు నమిలి తిన్నారు?"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏం నమిలేది? సంగటా?" అంది అంజినమ్మ. "ఇదేం యెడ్డి ప్రశ్నమ్మా."

"చపాతీ, చక్కిలం, ఏదైనా?"

"యాలమ్మా లేనిపోని కష్టం? మంచి పేస్టు పూసుకోనుండాము, నమిలి చెడగొట్టుకుంటామా?" అన్నాడు మూలనుంచి లింగన్న. అందరూ తలూపారు. వాళ్ళు మోసం చేయలేదు. ఎప్పటిలా తిన్నారు, అంతే.

వాళ్ళు వెళ్ళాక కిరణ్మయి దొంతరలోంచి చిక్కమునియప్ప కాగితాలు పన్నెండూ బయటికి తీసింది. చివరి గడిలో కన్నడ అక్షరాలు. బస్సులో బోర్డులు చదివినట్టే వేలుపెట్టి కూడబలుక్కుంది. రొ, ట్టె. రొట్టె. అ, ల, సం, ద. ఆమె వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అక్షరాలు కన్నడం. మాటలు తెలుగు. ఆయన చదువుకున్న బడి కన్నడబడి కాబట్టి, ఇంట్లో మాట్లాడే మాటలే ఆ అక్షరాల్లో రాశాడు.

'రొట్టె, అలసంద గుగ్గిళ్ళు. బాగా నమిలినాను. పదకొండుకు సడిలింది.'

రెండో రోజు: 'వేయించిన శెనక్కాయలు. రెండు పక్కలా నమిలినాను.' అయిదో రోజు: 'సంగటి మానేసినాను. నమల్నీకి కాదు కాబట్టి.' తొమ్మిదో రోజు: 'చిగురు నొప్పిగా ఉండాది. అయినా నమిలినాను.'

పన్నెండు రోజులు ఆయన ఆమెకు చెబుతూనే ఉన్నాడు. దుకాణాల బోర్డులన్నీ సరదాగా చదివే మనిషి ఇది మాత్రం చదవలేదు. సూచనలు పాటించలేదని ఆమె రాసినాయన ఒక్కడే సూచనలు పాటించాడు.

కాగితాలు పట్టుకుని వీరభద్రం గదిలోకి వెళ్ళింది. ఆయన మొత్తం విన్నాడు. కోప్పడలేదు. కాగితం ఒకటి తీసుకుని తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఇప్పుడేం చేద్దామంటావ్?"

"ఆయన పేరు మళ్ళీ చేర్చాలి సార్. మిగిలినవాళ్ళకు నమిలించి మళ్ళీ చూడాలి."

"మిగిలినవాళ్ళ సంగతి తర్వాత. ఈయన ఒక్కణ్ణి కలిపితే సరాసరి అరగంట కూడా తగ్గదు. నాకేం అభ్యంతరం లేదు. కానీ రిజిస్టరులో పాటించలేదని ఉంది. రాసింది నువ్వు. నిన్ను నమ్మి సంతకం పెట్టింది నేను." బల్లమీది తెల్లకాగితం తీసి నాలుగు ముక్కలు రాశాడు. "నేను సూచనలన్నీ పాటించాను అని ఇందులో ఆయన సంతకం పట్టుకురా. బుధవారం లోపు. అది చాలు."

అది చాలదని ఆమెకు అనిపించింది. ఎందుకు చాలదో అప్పుడు తెలియలేదు. ఆ రాత్రి అద్దంలో బొట్టు సరిచేసుకోకుండానే పడుకుంది.

మంగళవారం మూడింటి పని అయ్యాక చిక్కమునియప్ప ఊరు హెన్నాగర వెళ్ళింది. లైన్‌మన్ మునియప్ప ఇల్లు అంటే అందరూ చూపించారు. ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి అని దారిచూపినాయన చెప్పాడు. ఇల్లు చిన్నది. అరుగుమీద చాప వేసుకుని చిక్కమునియప్ప కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచి భుజంమీది తువ్వాలుతో చాప దులిపాడు.

"వచ్చినావా తల్లీ! నేనే వద్దామనుకుంటి. అర్పితా, నీళ్ళు తీసుకోరామ్మా."

కాలేజీ యూనిఫాంలో ఉన్న మనవరాలు చెంబు తెచ్చి కిరణ్మయిని ఎగాదిగా చూసింది. "మా తాతను ఫెయిల్ చేసిన మేడమ్ మీరేనా?" అంది నవ్వుతూ.

"పోవే లోపలికి" అన్నాడు తాత.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆయన గోడకు తగిలించిన సంచిలోంచి ఒక కాగితం తీశాడు. నోటుపుస్తకంలోంచి చించిన పుట. స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. "ఇది సూడు. మా కొడుకు చేత అట్లాంటి పేస్టే టవున్నుంచి తెప్పించినాను. శనివారం పన్నెండు గంటలు. ఆదివారం పన్నెండు. నిన్నా పన్నెండే. సడల్లేదు."

ఆమె కాగితం అందుకుంది. కన్నడ అక్షరాలు ఇప్పుడు తడుముకోకుండా చదవగలిగింది. 'సంగటి. మింగినాను. నమల్లేదు.' మూడు రోజులూ అదే.

"అంజినమ్మ చెప్పింది, నేను చెప్పినట్ల చేయలేదని తీసేసినారని" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. తప్పు సరిదిద్దుకున్నవాడి తృప్తి ఉంది. "మీరంతా ఎట్ల చేసినారని అడిగితి. నమల్లేదు అనింది. అప్పుడు తెలిసింది నాకు. నువ్వు మొదటి దినం సదివినావు సూడు, బాగా నమిలి అని నాకు ఇనిపించింది. నమలకుండా అని సదివింటావు నువ్వు. చెవులు గూడా పాతవే కదా." నవ్వి, ఆ నవ్వును మధ్యలోనే ఆపేశాడు. "లైనులో ఉండేటప్పుడు ఇట్ల ఇనింటే ఏమయ్యేది తల్లీ? ఫోనులో కరెంటు తీసినాము అనేది, తీయలేదు అనేది తప్పుగా ఇంటే స్తంభం మీదుండేవాడు బొగ్గయిపోతాడు. ముప్పై ఒక్క యేండ్లు ఒక్కతూరి గూడా తప్పు ఇనలేదు నేను. మూడు రాత్రుల్నుంచి అదే అనుకుంటాండా. పోయినాయి నా చెవులు అని."

కిరణ్మయి చెంబు కింద పెట్టింది. నీళ్ళు చాపమీద ఒలికాయి.

"మీరు సరిగ్గానే విన్నారు తాతగారూ."

"ఏందీ?"

"బాగా నమిలి అనే చదివాను. మీరొక్కరే నమిలారు. వాళ్ళెవరూ నమల్లేదు. పేస్టు నాలుగు గంటలే నిలుస్తుంది. మీరు రాసిందే నిజం."

ఆయన వీధి వైపు చూశాడు. ఎదురింటి గోడమీద ఎండ కొంచెం జరిగింది. కుడిచేతి వేలు చెవి దగ్గరికి తీసుకెళ్ళి చెవితమ్మెను నెమ్మదిగా రుద్దుకున్నాడు.

"అయితే మరి చెప్పినట్ల చేయలేదని యాల అంటివి?"

ఆమె సంచిలోంచి వీరభద్రం ఇచ్చిన కాగితం తీసింది. "మీ పేరు మళ్ళీ చేరుస్తారు. ఇక్కడ సంతకం పెడితే చాలు. సూచనలన్నీ పాటించాను అని."

ఆయన కాగితం తీసుకోలేదు. "నేను సరిగ్గా చేసినానని నేనే రాసియ్యాల్నా?"

"మేనేజరుగారు అలా అన్నారు."

"చేయలేదని నేను రాసిచ్చినానా?"

"లేదు. నేను రాశాను."

"అట్లయితే ఇదీ నువ్వే రాయాల కదా తల్లీ."

కసురుకోలేదు. రెండు తీగల్లో ఏది దేనికి కలపాలో చెప్పినట్టు చెప్పాడు. కిరణ్మయికి చెవులు వేడెక్కాయి. ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి ఒళ్ళో సంచిమీద పెట్టుకుంది. రాసి చదివింది.

"చిక్కమునియప్పగారు సూచనలన్నీ పాటించారు. రోజూ నమిలి తిన్నట్టు ఆయన రాసి ఇచ్చినా నేను చదవలేదు. పొరపాటున ఆయన సూచనలు పాటించలేదని రాశాను."

ఆయన తల వంచి విన్నాడు. "ఇంగొకతూరి ఆ కడాపటిది సదువు."

చదివింది.

"పొరపాటంటే? తెలీక చేసిందా?"

ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఆయన తొందరపెట్టలేదు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మీరు చేశారో లేదో నాకు తెలియదు" అంది చివరికి. "తెలియకుండానే రాశాను. ఆ రోజు మేం అద్దం కొనుక్కోవాలి. మా ఆయన గేటు దగ్గర కాచుకుని ఉన్నారు. మిమ్మల్ని అడిగితే ఇంకో పది నిమిషాలు పట్టేది."

చెప్పేశాక అది ఎంత చిన్న కారణమో ఆమెకు వినిపించింది. చిక్కమునియప్ప నవ్వలేదు, ఛీ అనలేదు. కాగితం వైపు గడ్డంతో చూపించాడు.

ఆమె 'పొరపాటున' అన్న మాట కొట్టేసింది. దాని పైన చిన్న అక్షరాలతో, 'తొందరగా ఇంటికి వెళ్ళాలని, ఆయన్ని ఒక్కమాట కూడా అడగకుండా' అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: మిగిలిన ఇరవై ముగ్గురూ నమలలేదు కాబట్టి వాళ్ళ పన్నెండు గంటలను పట్టు కింద లెక్కించరాదు. ఆ వాక్యం చూడగానే వీరభద్రం కళ్ళద్దాలు నుదుటి మీదికి పోతాయి. పెట్టెలు అచ్చవుతున్నాయి. నెల రోజుల ఉద్యోగం రేపటికి ఉంటుందో లేదో తెలియదు. లలిత్‌కు ఏం చెప్పాలో కూడా తెలియదు. అయినా సంతకం చేసి తారీకు వేసింది.

"రేపు ఇదే ఇస్తాను. వాళ్ళు ఏం చేసినా సరే" అంది లేస్తూ.

"కూర్చో తల్లీ" అన్నాడాయన. లోపలికి తిరిగి పిలిచాడు. "ఏమ్మే, ఇట్ల రా ఒకతూరి. అర్పితా, నువ్వూ రా."

కోడలు చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గడపలో నిలబడింది. మూడు రోజులుగా ఆమె మామగారిని ఏమని ఉంటుందో కళ్ళలో తెలుస్తోంది. అర్పిత తల్లి భుజంమీద గడ్డం ఆనించింది.

"ఇప్పుడు సదువు" అన్నాడు చిక్కమునియప్ప.

కిరణ్మయి కూర్చుని మళ్ళీ చదివింది. 'తొందరగా ఇంటికి వెళ్ళాలని' దగ్గర గొంతు తగ్గింది.

"గట్టిగా" అన్నాడు. "ఆమెకు చెవుడు."

కోడలికి చెవుడు లేదని అర్పిత మొహం చెప్పింది. కిరణ్మయి గట్టిగా చదివింది. కోడలు మామగారి వైపు చూసి, చాపమీది తడిని కొంగుతో అద్దింది.

అప్పటికి ఆయన లేచి నిలబడి, అరుగు అంచున పొడవుగా నిలిచి, వీధి అవతలికి చెయ్యి ఊపుతున్నాడు. "అంజినమ్మా! ఓ అంజినమ్మా! ఇట్ల రా. లింగన్న ఉంటే ఆయప్పనూ పిల్చుకోని రా."

"ఏందప్పా, ఏమైంది?" అంటూ అంజినమ్మ వచ్చి, కిరణ్మయిని చూసి నడుంమీద చెయ్యి వేసింది. "ఓ, పెండ్లికూతురు వచ్చిందే!" లింగన్న ఆమె వెనకనుంచి మెడ చాచాడు. అటువెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు.

చిక్కమునియప్ప మళ్ళీ చాపమీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. ఆమె వంక చూడలేదు. చెవి ఒకటి కొద్దిగా ఆమె వైపు తిప్పాడు, ప్రతిమాటా తప్పకుండా వినబోతున్నవాడిలా.

మొదటిసారి అరుగుమీద ఆయనకు చదివింది. రెండోసారి ఇంట్లోవాళ్ళకు. మూడోసారి అంజినమ్మకు, లింగన్నకు. నీళ్ళబిందెతో వచ్చి ఆగిన ఒకావిడ "ఏమంట?" అని అడిగితే, నాలుగోసారి చదివేటప్పుడు కిరణ్మయికి కాగితం చూడాల్సిన అవసరం రాలేదు.